సౌదీ ఇంటిపేర్లు: వంశానికి సాక్ష్యమా, వలసకు సాక్ష్యమా?

సౌదీ అరేబియా అన్న దేశం పేరులోనే ఒక ఇంటిపేరు ఉంది. 1932 సెప్టెంబరు 23న అబ్దుల్ అజీజ్ తన ఏలుబడిలోకి వచ్చిన నడిమి నజ్ద్, ఎర్రసముద్ర తీరపు హిజాజ్ తదితర ప్రాంతాలను ఒకే రాజ్యంగా ప్రకటించి, దానికి తన వంశం పేరు పెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దంలో దిర్ఇయా అనే ఊరిని ఏలిన ముహమ్మద్‌కు తండ్రి సౌద్. ఆ సౌద్ సంతతి కనుక వాళ్లు ఆల్ సౌద్.

అదే దేశంలో ఎర్రసముద్రం ఒడ్డుకు వెళ్తే తీరు వేరు. జెద్దా, మక్కా, మదీనా నగరాల్లో బుఖారీ, సిందీ, దెహ్లవీ, ఫలింబాన్, హౌసావీ, బావజీర్ వంటి ఇంటిపేర్లు ఎదురవుతాయి. వీటిలో మధ్య ఆసియా ఉంది, సింధు ఉంది, ఢిల్లీ ఉంది, సుమత్రా ఉంది, పశ్చిమ ఆఫ్రికా ఉంది, దక్షిణ యెమెన్ ఉంది. ఇవి పెట్టుకున్నవాళ్లలో చాలామంది తరతరాలుగా అరబ్బీ తప్ప మరో భాష ఎరగని సౌదీలు.

ఇంటిపేరును బట్టి ఒక కుటుంబం ఎక్కడిదో చెప్పవచ్చా? ఈ ప్రశ్నకు వంశావళి పండితులు ఒకటి చెబుతారు, చరిత్రకారులు ఒకటి, మానవశాస్త్రజ్ఞులు ఒకటి, జన్యుశాస్త్రం మరొకటి. పెళ్లి సంబంధం, పరువు, పౌరసత్వం అన్నీ దీనితో ముడిపడి ఉన్నందున ఇది గ్రంథాలయంలో ఆగిపోయే చర్చ కాదు. హైదరాబాద్‌లో అరబ్బు సిపాయిల సంతతి ఉండే బార్కస్ దాకా సాగే చర్చ కాబట్టి తెలుగువాళ్లకూ ఇందులో పాలు ఉంది.

పేర్లు ఎలా కడతారు

అరబ్బుల పేరు ఒక వరుస. మొదట మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, తాత పేరు, చివర కుటుంబం పేరు. ఆ చివరి మాట నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది మూలపురుషుడి పేరు. నజ్ద్‌లో దీనికి ముందు ‘ఆల్’ చేరుతుంది, అంటే ఫలానావారి సంతతి. ‘అల్’ అన్నది వేరు, అది ఊరికే నామవాచకానికి ముందొచ్చే ఉపపదం. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండూ కలిసిపోయి అయోమయం పుట్టిస్తాయి కానీ తెలుగు లిపిలో దీర్ఘం పెడితే తేడా తేటగా తెలుస్తుంది. రెండోది తెగ పేరు: ఉతైబీ, హర్బీ, షమ్మరీ, ఖహ్తానీ, గామ్దీ. మూడోది ఊరు లేక దేశం పేరు. బుఖారా నుంచి బుఖారీ, సింధు నుంచి సిందీ. ఊరికి ‘ఈ’కారం చేర్చి కట్టే ఈ మాటను అరబ్బీలో నిస్బా అంటారు. నాలుగోది వృత్తి. ప్రసిద్ధమైన ఖషోగ్గి కుటుంబం అనటోలియాలోని కైసేరి నుంచి వచ్చింది. ఆ పేరు చెంచాలు చేసేవాడు అనే అర్థం ఉన్న టర్కిష్ మాట నుంచి పుట్టింది.

దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్‌ది ప్రత్యేకమైన పద్ధతి. అక్కడి కుటుంబాల పేర్లకు ముందు ‘బా’ లేదా ‘బిన్’ ఉంటుంది: బావజీర్, బాఅషన్, బాజునైద్, బిన్ లాదిన్, బిన్ మహ్‌ఫూజ్. ‘బిన్’ అంటే కొడుకు అన్నదాంట్లో సందేహం లేదు. ‘బా’ మాత్రం ‘సంతతి’ అనే మాటకు పొట్టి రూపమని కొందరు, ‘తండ్రి’ అనే అర్థం ఉన్న ‘అబా’ నుంచి వచ్చిందని కొందరు అంటారు.

మూడు దారుల్లో వచ్చినవాళ్లు

హిజాజ్ జనాభాను తీర్చిదిద్దింది హజ్. యాత్రకు వచ్చి, పుణ్యక్షేత్రం పక్కనే మిగిలిన జీవితం గడపాలని ఆగిపోయేవాళ్లను ముజావిర్లు అనేవారు. 1885లో మక్కాలో కొన్ని నెలలు ఉన్న డచ్ పండితుడు స్నౌక్ హుర్‌గ్రోన్యే, అక్కడి భారతీయులను, జావావాసులను, ఆఫ్రికన్లను వేర్వేరు సమాజాలుగా గుర్తించి వివరంగా రాశాడు. 1857 తిరుగుబాటులో పాల్గొని భారత్ నుంచి తప్పించుకున్న రహ్మతుల్లా కైరానవీ మక్కా చేరి, 1870లలో సౌలతియా మదరసాను స్థాపించాడు. ఉత్తరప్రదేశ్‌లోని కైరానా ఊరు ఆయన పేరులో నిలిచింది. మదరసాకు డబ్బిచ్చిన కలకత్తా మహిళ సౌలతున్నీసా పేరు మదరసాకు నిలిచింది.

రెండోది సముద్ర వర్తకం. పర్షియా తీరం నుంచి 1840లలో జెద్దా చేరిన అలీరెజా కుటుంబం అక్కడి పెద్ద వర్తక గృహాల్లో ఒకటైంది. ఆ ఇంటివాడైన ముహమ్మద్ అలీ జైనల్ 1905లో జెద్దాలో ఫలాహ్ పాఠశాల పెట్టాడు. ఆయన ముత్యాల వ్యాపారం బొంబాయి కేంద్రంగా నడిచేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఆవిరి ఓడలు పెరిగాక ఆగ్నేయాసియా నుంచి రాక ఎక్కువైంది. పాలెంబాంగ్ నుంచి ఫలింబాన్, పటానీ నుంచి ఫతానీ, బాంతెన్ నుంచి బంతన్ ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. ఆ బంతన్ ఇంటిపేరు ఉన్న ముహమ్మద్ సాలెహ్ 2016 నుంచి 2021 వరకు సౌదీ హజ్ శాఖ మంత్రిగా పనిచేశారు. యాత్రికులుగా వచ్చి నిలిచినవాళ్ల ఇంటిపేరు, యాత్రను నడిపే శాఖకు అధిపతి దాకా చేరింది.

మూడోది రాజకీయ ఉపద్రవం. 1903లో బ్రిటిష్‌వాళ్లు సొకోటో రాజ్యాన్ని ఆక్రమించాక పశ్చిమ ఆఫ్రికా నుంచి సూడాన్ మీదుగా తూర్పుకు నడిచినవాళ్లలో కొందరు హిజాజ్ చేరారు. ఫల్లాతా, హౌసావీ, బర్నావీ పేర్ల వెనుక ఉన్నది ఆ దారి. మధ్య ఆసియా సోవియట్ పాలన కిందికి వెళ్లాక బుఖారీలు, తుర్కిస్తానీలు పెరిగారు.

ఇలా వచ్చినవాళ్లలో చాలామందిని ఒక చట్టం కాగితం మీదికి తెచ్చింది. 1954 నాటి సౌదీ పౌరసత్వ చట్టం 1914ను గీటుగా పెట్టుకుంది. ఆ ఏడాది ఈ నేల మీద నివసిస్తూ 1926 దాకా ఇక్కడే కొనసాగినవారిని, వాళ్లు ఒట్టోమన్ ప్రజలు కాకపోయినా, పౌరులుగా ఒప్పుకుంది. గుర్తింపు పత్రాలు వచ్చాక అంతవరకు ఇరుగుపొరుగు పిలిచిన పేరు శాశ్వతమైన ఇంటిపేరైంది. బజారులో ‘ఆ సింధువాడు’ అని గుర్తుపట్టడానికి వాడిన మాట మనవల తరానికి వంశనామంగా మారింది.

నాలుగు వాదాలు

*వంశావళి పండితులు.* అరబ్బీలో వంశాన్ని నసబ్ అంటారు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి ఇబ్న్ అల్ కల్బీ నుంచి అందాలుసియాకు చెందిన ఇబ్న్ హజ్మ్ దాకా ఎందరో తెగల వంశవృక్షాలు రాశారు. ఆధునిక కాలంలో ఈ పనికి పెద్ద దిక్కు హమద్ అల్ జాసిర్. నజ్ద్‌లో పుట్టి 2000లో కన్నుమూసిన ఈ పండితుడు 1966లో ‘అల్ అరబ్’ పత్రిక ప్రారంభించాడు, నజ్ద్‌లో స్థిరపడ్డ కుటుంబాల వంశాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. తమ ఇంటిపేరుకు తెగ ఏదో చెప్పమంటూ సామాన్యులు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. ఈ వాదం ప్రకారం ఇంటిపేరు తాళంచెవి. సరైన గ్రంథంతో కలిపి చూస్తే మూలపురుషుడి దాకా తలుపులు తెరుచుకుంటాయి.

అయితే ఈ సంప్రదాయంలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉంది. పన్నెండో శతాబ్దంలో మర్వ్ నగరానికి చెందిన అల్ సమ్ఆనీ నిస్బాలకు ఒక మహానిఘంటువు కూర్చాడు. ఊరినిబట్టి, వృత్తినిబట్టి, తాతనుబట్టి, చివరకు కొంతకాలం ఉన్న పేటనుబట్టి కూడా నిస్బా ఏర్పడుతుందని అందులో కనిపిస్తుంది. ఒక ఊళ్లో నాలుగేళ్లు ఉంటే ఆ ఊరి నిస్బా పెట్టుకోవచ్చన్న అభిప్రాయం హదీసు పండితుల్లో ఉండేది. నాలుగేళ్ల కాపురంతో వచ్చే పేరును రక్తసంబంధానికి రుజువుగా తీసుకోలేం.

*మానవశాస్త్రజ్ఞులు.* వీళ్లు ఇబ్న్ ఖల్దూన్‌తో మొదలుపెడతారు. 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఆయన వంశం ఊహామాత్రమని, మనుషులను కలిపి ఉంచడమే దాని ప్రయోజనమని వాదించాడు. దాన్ని నేటి సౌదీకి అన్వయించినవాడు నదవ్ సామిన్. 2015లో వచ్చిన పుస్తకంలో ఆయన అల్ జాసిర్‌కు వచ్చిన ఉత్తరాలనే ఆధారంగా తీసుకున్నాడు. నజ్ద్ సమాజంలో తెగ ఉన్నవాళ్లను ఖబీలీలని, తెగ తెలియనివాళ్లను ఖదీరీలని పిలుస్తారు. ఎడారి జీవితం పోయి నగరాలు, ప్రభుత్వోద్యోగాలు వచ్చాక తెగ భావన సన్నగిల్లుతుందని అందరూ అనుకున్నారు. కానీ ఆధునిక రాజ్యమే వంశం మీద మక్కువను పెంచిందని సామిన్ చూపించాడు. అంతకుముందు 1997లో ఆండ్రూ ష్రయాక్ జోర్డాన్ తెగల మీద రాసిన పుస్తకం కూడా నోటి కథలు అచ్చుకెక్కే క్రమంలో ఎలా మారతాయో, ఎలా వివాదాలవుతాయో చూపింది.

*సముద్ర చరిత్రకారులు.* ఎంగ్‌సెంగ్ హో 2006లో హద్రమౌత్‌లోని తరీం నగరపు సమాధుల చుట్టూ రాసిన గ్రంథం, ఉల్రికె ఫ్రైటాగ్ 2003లో హద్రమీ వలసల మీద, 2020లో జెద్దా చరిత్ర మీద రాసిన గ్రంథాలు ఈ బాటలోవి. వీళ్ల దృష్టిలో ఇంటిపేరు ప్రయాణాల చిట్టా. ఒకే ఇంటిపేరు తరీంలో, జెద్దాలో, హైదరాబాద్‌లో, సురబాయాలో కనిపిస్తే, ఆ నాలుగు చోట్లనూ కలిపే నమ్మకం, అప్పు, పెళ్లి, చదువు ఎలా నడిచాయన్నది వీళ్ల అసలు ప్రశ్న.

*జన్యుశాస్త్రజ్ఞులు.* తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్, ఇంటిపేరు ఒకే దారిలో నడుస్తాయి. అందుకే రెండింటినీ పోల్చవచ్చు. ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో పదునెక్కింది. 2000లో బ్రయాన్ సైక్స్, క్యాథరిన్ అర్వెన్ తమ పరిశీలనకు సైక్స్ అనే ఇంటిపేరునే తీసుకుని 48 మంది పురుషులను పరీక్షిస్తే, దాదాపు సగం మందిలో ఒకే క్రోమోజోమ్ రకం కనిపించింది. 2009లో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లను పరిశీలించారు. అరుదైన ఇంటిపేరు ఉన్నవాళ్లు ఒకే పూర్వీకుడి సంతతి అయ్యే అవకాశం ఎక్కువని, స్మిత్ వంటి విస్తారమైన పేరు దాని గురించి ఏమీ చెప్పదని తేలింది. సౌదీలో 2009లో అబూ అమెరో బృందం 157 మంది పురుషుల్లో చేసిన అధ్యయనంలో నలభై శాతానికి పైగా మంది జె1 అనే వై క్రోమోజోమ్ శాఖకు చెందారు. మిగిలినవాళ్లు పశ్చిమాసియా, ఆఫ్రికా, దక్షిణాసియాల్లో కనిపించే ఇతర శాఖలవాళ్లు. అరేబియా ఎప్పుడూ కలగలుపు నేలే అన్నదానికి ఇది ఆధారం. కానీ దేశమంతటి లెక్క నుంచి ఒక కుటుంబం కథ రాదు.

హైదరాబాద్ ముడి

ఈ నాలుగు వాదాలనూ ఒకేచోట పరీక్షించడానికి హైదరాబాద్ అరబ్బుల కంటే మంచి ఉదాహరణ దొరకదు. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువులోని అరబ్బు దళాల్లో ఎక్కువమంది హద్రమౌత్, దానికి పశ్చిమాన ఉన్న యాఫా ప్రాంతాల నుంచి వచ్చారు. వాళ్ల దళనాయకులైన జమాదార్లలో ముగ్గురు ప్రసిద్ధులు: ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ, అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ. ముగ్గురూ హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బును స్వదేశంలో రాజ్యాల కోసం వెచ్చించారు. ఖుఐతీలు 1860లలో షిహర్ రేవును గెలిచి సుల్తానులయ్యారు. ఆ రాజ్యం 1967 దాకా సాగింది. చివరి సుల్తాన్ రెండవ గాలిబ్ సౌదీలో ఆశ్రయం పొంది, తర్వాత పుణ్యనగరాల చరిత్రపై గ్రంథం రాశాడు. యాఫాలో మొదలై, దక్కనులో పెరిగి, అరేబియా సముద్రపుటొడ్డున రాజ్యమేలి, జెద్దాలో నిలిచిన ఇంటిపేరు అది.

సామాన్య సిపాయిల కథ వేరు. బ్యారక్‌లు ఉన్న చోటు బార్కస్ అయింది. అరబ్బు కుటుంబాలకు దక్కనులో చావుష్ అన్న పేరు పడింది. అది టర్కిష్ సైన్యంలో ఒక హోదా పేరు. అంటే హద్రమౌత్‌లో తాత పేరుతో పిలిపించుకున్న మనిషి, ఇక్కడ కొలువు పేరుతో గుర్తింపు పొందాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కొలువు ముగిసింది. అరబ్బుల్లో చాలామందిని నిర్బంధించారు, కొందరిని తిప్పి పంపించారు. ఉండిపోయినవాళ్ల పిల్లలు చమురు ధరలు పెరిగిన 1970ల తర్వాత గల్ఫ్ బాట పట్టారు. అక్కడ చావుష్ అన్న మాటకు విలువ లేదు, బావజీర్, యాఫయీ, అమూదీ వంటి పాత ఇంటిపేర్లకు విలువ ఉంది. హైదరాబాద్ అరబ్బుల గురించి ఒమర్ ఖాలిదీ, లీఫ్ మాంగర్ రాసినవి ఈ మార్పులకు మంచి ఆధారాలు. ఒకే కుటుంబం మూడు నేలల మీద మూడు రకాలుగా పిలిపించుకుంది. పేరు రక్తాన్ని బట్టి మారలేదు, ఎవరు పిలుస్తున్నారన్నదాన్ని బట్టి మారింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

వంశావళి పండితుల బలం వివరాల్లో ఉంది. తెగలు, ఊళ్లు, పెళ్లిళ్లు, తగవుల గురించి వాళ్లు దాచినన్ని సంగతులు మరెవరి దగ్గరా లేవు. వాళ్ల బలహీనత, రాతలో లేని కుటుంబాన్ని వంశం లేనిదిగా చూడడం.

మానవశాస్త్రజ్ఞుల బలం ‘ఈ వంశవృక్షం ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అవసరమైంది’ అని అడగడంలో ఉంది. బలహీనత ఏమిటంటే, అవసరం కోసం చెప్పిన వంశం నిజమై ఉండే అవకాశాన్ని తక్కువగా లెక్కించడం.

సముద్ర చరిత్రకారుల బలం విస్తృతి. ఉత్తరాలు, వీలునామాలు, సమాధి శాసనాలు కలిపి చదువుతారు. బలహీనత, ఆ కాగితాలు ఎక్కువగా సంపన్నులవి, పండితులవి కావడం. కూలీలు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు, స్త్రీలు అందులో కనబడరు.

జన్యుశాస్త్రజ్ఞుల బలం కొలత. బలహీనత, ఒక్క తండ్రి గీతను మాత్రమే చూడడం. హిజాజ్‌లో వచ్చినవాళ్లు స్థానిక కుటుంబాల్లో పెళ్లాడారు. పది తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి వెయ్యికి పైగా పూర్వీకుల స్థానాలుంటాయి. ఇంటిపేరు, వై క్రోమోజోమ్ రెండూ వాటిలో ఒక్కదాని గురించే మాట్లాడతాయి.

తెలుగు ఇంటిపేర్లతో పోలిస్తే మరో సంగతి స్పష్టమవుతుంది. కందుకూరు నుంచి కందుకూరి వచ్చినట్టే బుఖారా నుంచి బుఖారీ వచ్చింది. వ్యాకరణాలు వేరైనా మనిషిని వదిలివచ్చిన ఊరితో గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటే. పెళ్లి దగ్గర మాత్రం దారులు విడిపోతాయి. మన దగ్గర ఇంటిపేరు ఒకటైతే పెళ్లి కుదరదంటారు. అక్కడ ఒకే వంశంలో సంబంధం కలుపుకోవడం ఆనవాయితీ, వంశం తెలియకపోవడమే అడ్డు. కాబట్టి అక్కడ ఇంటిపేరు మీద తగవు చాలాసార్లు పెళ్లి మీద తగవే.

ఇంకా తేలనివి

మొదటిది, పెళ్లిలో వంశాల సమానత. దీన్ని కఫాఅ అంటారు. ఇండోనేషియాలోని హద్రమీల మధ్య ఇరవయ్యో శతాబ్దపు మొదట్లోనే ఇది చీలిక తెచ్చింది. ప్రవక్త సంతతిగా చెప్పుకునే సయ్యద్ స్త్రీని సయ్యద్ కాని ముస్లిం పెళ్లాడవచ్చని చెప్పిన అహ్మద్ సూర్‌కతీ మక్కా, మదీనాల్లో చదువుకున్న సూడాన్ పండితుడు. ఆయన అనుచరులు 1914లో బటావియాలో అల్ ఇర్షాద్ సంస్థ స్థాపించారు. సౌదీలో 2005లో ఒక కోర్టు, భర్త వంశం తక్కువదన్న బంధువుల ఫిర్యాదు మీద ఒక జంట పెళ్లిని రద్దు చేసింది. 2010లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ జంటకు న్యాయం దక్కింది కానీ, వంశాన్ని కొలిచే అలవాటు సమాజంలో పోలేదు.

రెండోది, బా అలవీ వివాదం. పదో శతాబ్దంలో బస్రా నుంచి హద్రమౌత్‌కు వలస వచ్చిన అహ్మద్ బిన్ ఈసా తమ మూలపురుషుడని అత్తాస్, సఖ్ఖాఫ్, ఐదరూస్ మొదలైన బా అలవీ సయ్యద్ కుటుంబాలు చెబుతాయి. ఆ వంశక్రమంలోని ఒక తరానికి సమకాలీన గ్రంథాల్లో ఆధారం లేదని 2022 నుంచి ఇండోనేషియాలోని బాంతెన్‌కు చెందిన ఇమాదుద్దీన్ ఉస్మాన్ వాదిస్తున్నారు. జన్యుపరీక్షలూ చర్చలోకి వచ్చాయి. సమకాలీన ప్రస్తావన లేకపోవడం మనిషి లేకపోవడానికి రుజువవుతుందా అన్నదే ఇక్కడ అసలు చిక్కు.

మూడోది, రాజవంశానిదే. ఆల్ సౌద్ అనజా తెగవారని చాలాకాలం చెప్పుకున్నారు. వాళ్లు యమామా ప్రాంతపు ప్రాచీన బనూ హనీఫా వారన్న వాదం ఇప్పుడు బలంగా ఉంది. ఒక దేశానికి తన పేరు ఇచ్చిన వంశం విషయంలోనే రెండు కథనాలు ఉన్నప్పుడు, జెద్దా బజారులోని దుకాణదారుడి దగ్గర ఒకే రుజువు అడగడం న్యాయం కాదు.

తీర్పు

వాదాలన్నీ తూచి చూస్తే రెండు మాటలు గట్టిగా చెప్పవచ్చు. నిస్బా రూపంలోని ఇంటిపేరు వలసకు మంచి సాక్షి, వంశానికి బలహీనమైన సాక్షి. ఆ కుటుంబం ఎక్కడ పుట్టిందన్నది అది చెప్పకపోవచ్చు. ఎక్కడి నుంచి వచ్చినట్టు కొత్త ఊరివాళ్లు చూశారన్నది మాత్రం చెబుతుంది. మూలపురుషుడి పేరున్న ఇంటిపేరు, ముఖ్యంగా అరుదైనదైతే, వంశం గురించి ఎక్కువ చెప్పగలదు. అప్పుడు కూడా కాగితం, నోటి కథ, జన్యువు మూడూ కలిస్తేనే దాన్ని నమ్మాలి.

మూడు నేలల్లో నడిచిన ఈ కథకు దక్కను భాగం ఇంకా సరిగా రాయలేదు. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు పారసీ, ఉర్దూ రికార్డులు ఉన్నాయి. బార్కస్‌లో తాతల పేర్లు వరుసగా చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. పారసీ, ఉర్దూ, అరబ్బీ చదవగల యువ పరిశోధకులు మన విశ్వవిద్యాలయాల్లో ఈ పని చేపట్టాలి. రికార్డులు మరికొంతకాలం ఆగుతాయి, ఆ పెద్దల జ్ఞాపకం ఆగదు. ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి.